మూల తప్పిన మూడు సొరుగులు: కార్నర్ క్లాంపుల ఎంపిక, వాడకం మీద ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ వంటగదిలో స్టవ్ పక్కన బిగించిన మూడు సొరుగుల బేస్ యూనిట్ ఇది. వెడల్పు 600, ఎత్తు 720, లోతు 560 మి.మీ. బాక్సు 18 మి.మీ. బి.డబ్ల్యు.పి. (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైతో, సొరుగులు 12 మి.మీ. ప్లైతో, సొరుగుల అడుగు 6 మి.మీ. ప్లైతో చేశారు. సొరుగు జారడానికి 500 మి.మీ. టెలిస్కోపిక్ చానెళ్లు. తయారైంది వేరే వర్క్‌షాప్‌లో.

కంప్లయింట్ చూడ్డానికి చిన్నదే. ఏ సొరుగు మూసినా ఎడమ పక్క ముందు పలక యూనిట్‌కి ఆనుతుంది, కుడి పక్క దాదాపు 4 మి.మీ. బయటికే ఉండిపోతుంది. గట్టిగా తోస్తే లోపలికి పోయినట్టే పోయి, చెయ్యి తీయగానే వెనక్కి వస్తుంది. కింది సొరుగు లాగడానికి కూడా బరువుగా ఉంది. ఫిట్టింగ్‌కి వచ్చినవాళ్లు చానెల్ స్క్రూలు వదులు చేసి, పొడుగు రంధ్రాల్లో ఒక పక్క చానెల్‌ని వెనక్కి జరిపి సరిచేయాలని చూశారు. ఈ చిట్కాతో రెండు చానెళ్లూ ఒకేసారి ఆగుతాయి, వెనక్కి తన్నడం తగ్గుతుంది. కానీ ముందు పలక వంకర అలాగే ఉంటుంది. సొరుగే వంకరగా ఉంటే చానెల్ జరిపి దాన్ని నిటారు చేయలేం.

ముందు అనుమానించాల్సింది నేలని

ఇలాంటి కేసుల్లో సొరుగు జోలికి వెళ్లే ముందు యూనిట్ కాళ్లు చూడాలి. నేల ఎగుడుదిగుడుగా ఉండి నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉంటే బాక్సు మెలితిరుగుతుంది, సొరుగులు అచ్చం ఇలాగే ప్రవర్తిస్తాయి. ఇక్కడ రసమట్టం ముందు వైపు, వెనక వైపు, రెండు పక్కలా పెట్టి చూశాం. కాళ్లన్నీ నేలని పట్టుకునే ఉన్నాయి.

తరవాత బాక్సు క్రాస్ కొలత. ముందు ముఖం 600 × 720కి మూల నుంచి మూలకి లెక్క ప్రకారం 937.2 మి.మీ. రావాలి. ఒకటి 938, ఇంకోటి 936.5 వచ్చాయి. పైనుంచి 600 × 560కి 820.7 రావాలి, 821.5, 820 వచ్చాయి. రెండు చోట్లా తేడా 1.5 మి.మీ. డిగ్రీలో పదో వంతు, అంతే. లోపలి వెడల్పు ముందు 564, మధ్యలో 563, వెనక 564. పక్క పలక మధ్యలో కాస్త లోపలికి ఉబ్బింది, దాన్ని చానెల్ భరిస్తుంది. బాక్సులో చెప్పుకోదగ్గ దోషం లేదు.

సొరుగులు బయటికి తీసి కొలిస్తే విషయం తేలింది. సొరుగు బయటి కొలత 538 × 500. బాక్సు లోపలి వెడల్పు 564లోంచి చానెళ్లకి పక్కకి 13 చొప్పున 26 తీసేస్తే 538. క్రాస్ రెండు వైపులా 734.5 దగ్గర రావాలి. మూడు సొరుగుల్లోనూ ఒక క్రాస్ 737కి దగ్గరగా, రెండోది 732కి దగ్గరగా ఉంది.

క్రాస్ తేడా 5 మి.మీ. అంటే ఎంత వంకర? లెక్క సులువే. రెండు భుజాలనీ గుణించి, రెండుతో హెచ్చవేసి, క్రాస్ పొడుగుతో భాగిస్తే ఈ సైజు సొరుగుకి 732 వస్తుంది. క్రాస్ తేడాని 732తో భాగిస్తే 0.0068. వెడల్పు 538ని దీంతో గుణిస్తే 3.7 మి.మీ. సొరుగు ముందు భాగం ఒక పక్క 3.7 మి.మీ. ముందుకు వచ్చి కూర్చుందన్న మాట. ఇంట్లోవాళ్లు చూసిన 4 మి.మీ. ఇదే. కోణంగా చూస్తే 0.4 డిగ్రీ కూడా లేదు, మామూలుగా మూలమట్టం పెట్టి కంటితో చూస్తే పట్టుబడని తేడా. సొరుగు మూలని మూలమట్టంతో పాస్ చేసి వదిలేయకూడదనేది ఇందుకే, టేపుతో క్రాస్ చూసి తీరాలి.

ఇందులో అసలు ఆధారం వేరే ఉంది. మూడు సొరుగులూ ఒకే వైపుకి, దాదాపు ఒకే మోతాదులో వంగాయి. చేతి తప్పు అయితే ఒకటి ఇటూ ఒకటి అటూ పోవాలి. కోత తప్పయితే ఎదురెదురు ముక్కల పొడుగులు కలవకూడదు, ఇక్కడ అవి కలిశాయి. అన్నీ ఒకే వైపుకి పోయాయంటే తప్పు పనిముట్టులో ఉంది.

క్లాంప్ ఏం చేసింది

తయారుచేసిన చోటి నుంచి క్లాంపులు తెప్పించి చూశాం. బజారులో ఎక్కువగా దొరికే అల్యూమినియం పోత కార్నర్ క్లాంపులే అవి, రెండు పలకల్ని మూల దగ్గర 90 డిగ్రీలకి పట్టే బిగింపులు. ఒకే స్క్రూ, తిరిగే లోపలి దవడ. పలకలు ఆనే రెండు అంచుల పొడుగు ఒక్కోటి 60 మి.మీ., ఎత్తు 30 మి.మీ. లోపు. ఒక క్లాంప్‌లో సరిచూసిన మూలమట్టం పెట్టి వెనక మొబైల్ లైటు వేస్తే, ఒక అంచు చివర 0.4 మి.మీ. వెలుతురు గీత కనిపించింది. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు దూర్చి కొలిచిన లెక్క అది. కారణం, ఆ అంచు మీద మందంగా పేరుకున్న రంగు, దాని మీద ఎండిపోయిన ఫెవికాల్ బొట్టు.

60 మి.మీ. అంచు మీద 0.4 మి.మీ. అంటే 0.38 డిగ్రీ. సొరుగులో కొలిచిన వంకర కూడా అంతే.

కార్నర్ క్లాంపుల గురించి ఇంతకంటే ముఖ్యమైన సంగతి లేదు. 60 మి.మీ. అంచు 500 మి.మీ. పలక దిశని నిర్ణయిస్తోంది. అంచు దగ్గర జరిగిన తప్పు పలక చివరికి వెళ్లేసరికి ఎనిమిది రెట్లకి పైగా పెరుగుతుంది. గోరుతో గీకితే పోయే జిగురు బొట్టు సొరుగు కొసన 3 మి.మీ. దాటి కనిపిస్తుంది. అదే 200 మి.మీ. అంచు ఉన్న ఎల్ బ్లాకు (లోపలి మూలలో పెట్టే 90 డిగ్రీల దిమ్మ) మీద అదే బొట్టు పడితే పలక చివర తేడా 1 మి.మీ. దగ్గర ఆగుతుంది.

మరి ఒక్క క్లాంప్ తప్పుగా ఉంటే సొరుగు మొత్తం ఎందుకు వంగింది? చాలా చోట్ల సొరుగులు జోడించే పద్ధతి వల్ల. ముందు ముక్క, ఎడమ పక్క కలిపి ఒక ఎల్ చేస్తారు. వెనక ముక్క, కుడి పక్క కలిపి ఇంకో ఎల్. రెండూ అదే క్లాంప్‌లో. తరవాత రెండు ఎల్‌లనీ ఎదురెదురు పెట్టి కలుపుతారు. రెండు ఎల్‌లూ 90.4 డిగ్రీలకి తయారైతే ఆ రెండు మూలలూ ఎదురెదురుగా వస్తాయి, మిగిలిన రెండు మూలలూ 89.6కి తగ్గుతాయి. తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఒకదానికొకటి వత్తాసు పలుకుతాయి. నాలుగు ముక్కలూ సరైన పొడుగులోనే ఉన్నా పతంగిలా పక్కకి వాలిన పెట్టె తయారవుతుంది.

కింది సొరుగు బరువుగా రావడానికి ఇంకో కారణం దొరికింది. పక్క పలక ఎత్తు 150 మి.మీ., క్లాంప్ పట్టింది కింది 30 మి.మీ. మాత్రమే. జాయింట్ కింద బిగుసుకుని పైన 1 మి.మీ. దాకా తెరుచుకుంది, ఆ సందులో ఫెవికాల్ నిండి గట్టిపడింది. వెడల్పు కింద 538 ఉంటే పైన 540. పెట్టెని పైనుంచి చూస్తే కనబడదు, జాయింట్ గీత వెంబడి గోరు పెట్టి లాగితే పైభాగంలో గుంట తగులుతుంది.

ఇంకా తప్పుడు అభిప్రాయం ఒకటి ఈ పనిలో బలంగా ఉంది: కార్నర్ క్లాంప్ జాయింట్‌ని దగ్గరికి నొక్కుతుందని. నొక్కదు. ఒక్కో పలకని దాని అంచుకి ఆనించి పట్టుకుంటుంది, అంతవరకే. ఒక పలక కొసని ఇంకో పలక ముఖం మీదికి తోసే శక్తి స్క్రూ నుంచో, పొడుగు కడ్డీ మీద దవడలుండే బార్ క్లాంప్ నుంచో రావాలి. స్క్రూ బిగించే లోపు పలకలు జారకుండా పట్టే మూడో చెయ్యి కార్నర్ క్లాంప్. ఆ పని వరకు అది బంగారం. జిగురు జాయింట్‌కి ఒత్తిడి ఇచ్చే పని దానికి అప్పజెప్పితే జాయింట్ లోపల సందు మిగులుతుంది.

ఏ పనికి ఏది

ఒక స్క్రూ, తిరిగే దవడ ఉన్నవి త్వరగా పడతాయి, రెండు వేరు వేరు మందాల పలకల్నీ పట్టేస్తాయి. కానీ దవడ తిరుగుతుంది కాబట్టి ఒక పలక బిగిసి రెండోది వదులుగా ఉండే అవకాశం ఎక్కువ. స్క్రూ బిగిస్తుంటే పలకలు కొద్దిగా జరుగుతాయి కూడా. 12, 18 మి.మీ. ప్లై ముక్కల్ని స్క్రూ వేసే దాకా పట్టుకోవడానికి సరిపోతాయి.

రెండు స్క్రూలవి, బెస్సీ డబ్ల్యూ.ఎస్. మోడళ్లలాంటివి, ఒక్కో పలకని విడిగా బిగిస్తాయి. ఒకటి బిగించి, రెండోదాన్ని జాయింట్ దగ్గరికి చేత్తో తోసి, సందు మూసుకున్నాక బిగించుకోవచ్చు. ప్లై మీద మైకా ఒక పక్కే ఉండి మందాలు తేడా ఉన్నప్పుడు కూడా ఇబ్బంది పెట్టవు. బరువు ఎక్కువ, ధర ఎక్కువ. ఫోటో ఫ్రేములు, పూజ గది తలుపుల ఫ్రేముల్లాంటి 45 డిగ్రీల జాయింట్లకి ఇవి బాగుంటాయి.

నాలుగు మూలలకీ ప్లాస్టిక్ ముక్కలు, చుట్టూ పట్టీ, రాచెట్ ఉన్న బ్యాండ్ క్లాంప్ ఫ్రేములకి ప్రత్యేకం. ఒక్క బిగింపుతో నాలుగు మూలలూ దగ్గరికి వస్తాయి. అయితే పట్టీకి 90 డిగ్రీలంటే ఏంటో తెలియదు, మొదట వంకరగా ఉంటే వంకరగానే బిగిస్తుంది. ఫ్రేములో ఇంకో సంగతి: నాలుగు ముక్కలకి కోతలు ఎనిమిది. ఒక్కో కోత పావు డిగ్రీ తప్పితే చివరి మూలలో 2 డిగ్రీల సందు పోగవుతుంది. అక్కడ క్లాంప్ మార్చి లాభం లేదు, కోణంలో కోసే రంపం (మైటర్ సా) సెట్టింగ్ చూసుకోవాలి.

వెల్డింగ్ మాగ్నెట్ మూలలు కూడా అదే షెల్ఫులో అమ్ముతారు. చెక్కకి వాటితో పని లేదు.

ఈ సొరుగులకి ఎంచుకున్నవి ప్లైతో చేసుకున్న ఎల్ బ్లాకులు, ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండే చిన్న ఎఫ్ క్లాంపులు, బార్ క్లాంపులు. రెడీమేడ్‌గా ప్లాస్టిక్, అల్యూమినియం ఎల్ బ్లాకులు కూడా వస్తాయి. కానీ 18 మి.మీ. ప్లై తునకలు ఎలాగూ వర్క్‌షాప్‌లో పడి ఉంటాయి, కావలసిన పొడుగులో చేసుకోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సినవి

షాపుకి మూలమట్టం తీసుకెళ్లాలి. అంతకంటే ముందు ఆ మూలమట్టం సంగతి తేల్చుకోవాలి. నిటారైన అంచున్న ప్లై ముక్క మీద దాన్ని ఆనించి గీత గీయాలి, మట్టాన్ని తిరగేసి అదే చుక్క దగ్గర ఇంకో గీత గీయాలి. రెండు గీతలూ పైన విడిపోతే ఆ సందులో సగం మూలమట్టం తప్పు. 200 మి.మీ. పొడుగు మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే అది పనికొస్తుంది.

క్లాంప్‌లో మట్టం పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడాలి. రెండు అంచుల మధ్య కోణం ఒక్కటే కాదు, ప్రతి అంచూ కింది పీఠానికి నిటారుగా ఉందా అన్నది కూడా. రెండోది ఎవరూ చూడరు. అంచు కాస్త బయటికి వాలి ఉంటే 150 మి.మీ. ఎత్తు పలక పైన తెరుచుకుంటుంది. పోత గరుకు, బర్రు (అంచున పొడుచుకొచ్చిన లోహం) ఉంటే సన్న ఆకురాయితో తీసేయొచ్చు. అంచే వంకర పోతగా ఉంటే వదిలేయాలి. స్క్రూ పూర్తిగా బయటికి తిప్పి పక్కకి ఊపి చూడాలి, లొడలొడలాడితే బిగించినప్పుడు దవడ పైకి లేస్తుంది, దాంతో పాటు పలక కూడా లేస్తుంది. మూల దగ్గర కిటికీలా ఖాళీ ఉన్న మోడల్ తీసుకోవాలి. జాయింట్ కనబడుతుంది, కారిన జిగురు క్లాంప్‌కి అంటదు.

ఒకే రకం నాలుగు తీసుకోవడం మంచిది. వేరు వేరు రకాలు కలిపితే అంచుల ఎత్తులు కలవవు.

ఎల్ బ్లాకుల తయారీ

18 మి.మీ. ప్లై నుంచి 200 × 200 ముక్కలు ఎనిమిది. ఒక్కో ముక్కలో ఒక 90 డిగ్రీల మూలని అలాగే ఉంచి, దానికి ఎదురు మూల వైపు సగాన్ని ఐమూలగా కోసేయాలి. మిగిలే ముక్కోణంలో రెండు కాళ్లూ 200 మి.మీ. ఉండాలి. 90 డిగ్రీల మూల కొసని 15 మి.మీ. నరికేయాలి. జాయింట్ లోంచి ఉబికే జిగురుకి అదే చోటు. ఆ కొస ఉంచేస్తే జిగురు దాని కింద చేరి బ్లాకు పలకకి సరిగా ఆనదు, వెనకటి క్లాంప్ రోగమే దీనికీ పడుతుంది.

ఒక్కో కాలి వెంబడి అంచుకి 25 మి.మీ. లోపలగా 35 మి.మీ. రంధ్రం ఒకటి. కిచెన్ పని చేసే ప్రతి చోటా హింజ్ కప్పుల కోసం 35 మి.మీ. బిట్ ఉంటుంది, దాంతోనే వేసేయొచ్చు. ఎఫ్ క్లాంప్ చిన్న దవడ ఆ రంధ్రంలో దూరుతుంది. కాళ్ల అంచులకి మైనం రుద్దాలి, లేదా బ్రౌన్ టేపు ఒక్క పొర అతికించాలి. రెండు పొరలు వద్దు, ఒక కాలికి వేసి ఇంకో కాలికి వేయకపోవడం అసలే వద్దు.

ఈ ముక్కలు కోసే ప్యానెల్ సా నిటారుగా కోస్తుందో లేదో ముందు తెలియాలి. ఒక 400 మి.మీ. ప్లై ముక్కని ప్రతి కోత తరవాత ఒక పక్కకి తిప్పుతూ నాలుగు వైపులూ కోసి, మొదట కోసిన వైపు నుంచే ఐదో కోతగా ఒక సన్న బద్ద తీయాలి. బద్ద రెండు కొసల వెడల్పులు వెర్నియర్‌తో కొలిచి, తేడాని నాలుగుతో భాగిస్తే 400 మి.మీ.కి కంచె (కోసేటప్పుడు ముక్క ఆనే పట్టీ) తప్పు ఎంతో వస్తుంది. తేడా 0.8 వచ్చిందంటే అసలు తప్పు 0.2 మి.మీ. అన్నమాట. 0.2 దాటితే కంచె సరిచేసుకోవాలి. బ్లేడు నిటారుతనం వేరే చూడాలి. ప్లై అంచు ముఖానికి 90 డిగ్రీలు లేకపోతే, క్లాంప్ బలవంతంగా సందు మూసేస్తుంది, క్లాంప్ తీయగానే మూల విప్పుకుంటుంది.

సొరుగుల పని

పాత సొరుగుల్ని విప్పి వాడలేదు. ఫెవికాల్ పట్టిన ప్లై జాయింట్‌ని ఊడదీస్తే ముఖం పొర చిరిగి వస్తుంది. మూడూ కొత్తగా చేశాం. ముందు పలకలు, చానెళ్లు మాత్రం పాతవే.

కోయడానికి ముందు ప్లై మందం కొలవాలి. 12 అని రాసి ఉన్న షీటు ఇక్కడ 11.6 ఉంది. కాగితం మీద ముందు, వెనక ముక్కల పొడుగు 538 − 24 = 514. అసలు మందంతో 538 − 23.2 = 514.8. కాగితం లెక్కతో కోస్తే సొరుగు 537.2 అవుతుంది, బాక్సు లోపలి వెడల్పు కూడా అటూ ఇటూ ఉంటే చానెల్ వదులుగా ఆడుతుంది. పక్క పలకలు 500 × 150. నాలుగు ముక్కలకీ కింది అంచు నుంచి 10 మి.మీ. పైన, 6 మి.మీ. లోతు గాడి. అడుగు పలక మందం కూడా కొలిచే గాడి వెడల్పు పెట్టుకోవాలి.

అడుగు పలక కొలత వెడల్పులో 514.8 + 12 − 1 = 525.8. పొడుగులో 500 − 23.2 + 12 − 1 = 487.8. ఆ 1 మి.మీ. గాడి అడుగున కారిన జిగురుకి, దుమ్ముకి చోటు. అడుగు పలకని మూలమట్టంగా కోయడం మీద పెట్టిన శ్రద్ధ వృథా పోదు. గాడిలో నాలుగు వైపులా కూర్చునే పలక కాబట్టి సొరుగుని ఎక్కువ వంగనివ్వదు. పాత సొరుగుల్లో అడుగు పలక గాడి లేకుండా కింద మేకులు కొట్టి ఉంది. అది కూడా వంకరకి అడ్డు పడలేదు.

జిగురు లేకుండా ఒకసారి మొత్తం కూర్చి క్రాస్ చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో షెడ్డులో 40 డిగ్రీలు దాటుతుంది, తెల్ల జిగురు పది నిమిషాలు కాకముందే పైపొర కట్టేస్తుంది. అప్పుడు క్లాంపుల కోసం వెతుక్కుంటే పని చెడుతుంది. వానాకాలంలో దీనికి తలకిందులు, జిగురు తొందరగా పట్టదు. వంటగది కాబట్టి నీటిని తట్టుకునే మెరైన్ రకం ఫెవికాల్ వాడాం.

పక్క పలకని బల్ల మీద పొడుగు అంచు మీద నిలబెట్టి, ముందు ముక్కని దాని కొసకి చేర్చాలి. ముక్క కొసన సన్నగా జిగురు గీత. కొస రంధ్రాలు జిగురుని లాగేస్తాయి, అందుకని ముందు వేలితో పలచగా రుద్ది రెండు నిమిషాలాగి మళ్లీ గీత పెట్టడం మేలు. లోపలి మూలలో కింద ఒక బ్లాకు, పైన ఒక బ్లాకు. ఒక్కో బ్లాకుకి రెండు ఎఫ్ క్లాంపులు, ఒక్కో కాలికి ఒకటి. మొదట పక్క పలక వైపు బిగించాలి. తరవాత ముందు ముక్కని జాయింట్‌లోకి చేత్తో తోసి, కొస పక్క పలక అంచుతో నూలు వాసి తేడా లేకుండా కలిసిందో లేదో వేలితో తడిమి, అప్పుడు రెండో క్లాంప్. రెండూ ఒకేసారి బిగిస్తే ముక్క ఎక్కడో ఆగిపోతుంది.

తరవాత స్క్రూలు. 12 మి.మీ. ప్లైకి 3.5 × 35 మి.మీ. చిప్‌బోర్డ్ స్క్రూలు, ముందుగా 2.5 మి.మీ. రంధ్రం. 150 ఎత్తుకి మూడు: పైఅంచు నుంచి 25 మి.మీ. దగ్గర ఒకటి, గాడికి పైన కింది అంచు నుంచి 35 దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి. గాడి మీద స్క్రూ పడితే అడుగు పలక కూర్చోదు. ప్లై అంచులోకి స్క్రూ దిగేటప్పుడు పొరలు విడిపోతాయన్న భయం ఉంటుంది. బ్లాకు, ఎఫ్ క్లాంప్ ముక్కని రెండు ముఖాల వైపు నుంచీ నొక్కి పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ భయం చాలా వరకు పోతుంది. అందుకే స్క్రూ దిగాకే క్లాంప్ తీయాలి, ముందు కాదు.

రెండు ఎల్‌లూ తయారయ్యాక మొదటి ఎల్ గాడుల్లోకి అడుగు పలక దూర్చి, రెండో ఎల్‌ని ఎదురుగా తెచ్చి మూయాలి. గాడిలో జిగురు వద్దు. మిగిలిన రెండు మూలల్లో పైన మాత్రమే బ్లాకులు, కింద అడుగు పలకే కాపలా. ఇప్పుడు 600 మి.మీ. బార్ క్లాంపులు రెండు, ముందు ముక్క రేఖ మీద ఒకటి, వెనక ముక్క రేఖ మీద ఒకటి, పక్క పలకల్ని లోపలికి నొక్కేలా. జాయింట్‌ని మూసే ఒత్తిడి ఇదే. దవడల కింద మైకా ముక్కలు పెట్టకపోతే గుండ్రటి గుంటలు పడతాయి.

స్క్రూలు వేసే ముందు క్రాస్. ఒకటి పొడుగ్గా ఉంటే ఆ రెండు మూలల మీదికి ఇంకో పొడుగు బార్ క్లాంప్‌ని ఐమూలగా వేసి మెల్లగా బిగించాలి. టేపు చూస్తూ పావు తిప్పు, మళ్లీ టేపు. తేడా పోయాక కొంచెం దాటించి ఆపాలి, వదిలాక ప్లై కాస్త వెనక్కి వస్తుంది. ఇంతకంటే బలం అవసరమైతే కోతలో తప్పుందని అర్థం, బలంతో సరిచేసింది నిలవదు. ఈ మూడు సొరుగులకీ పెట్టుకున్న హద్దు క్రాస్ తేడా 1 మి.మీ. అంటే ముందు అంచున 0.7 మి.మీ. వంకర, ముందు పలక బిగించేటప్పుడు సర్దుబాటయ్యేంత.

స్క్రూలు పడ్డాక ఎల్ బ్లాకులు తీసేయొచ్చు, అవి తరవాతి సొరుగుకి కావాలి. బార్ క్లాంపులు మాత్రం జిగురు డబ్బా మీద రాసినంత సేపు ఉండాలి. లోపల ఉబికిన జిగురుని తడిగుడ్డతో వెంటనే తుడిస్తే ప్లై పీల్చుకుని మరకవుతుంది, తరవాత పాలిష్ పట్టదు. అరగంటకి రబ్బరులా గట్టిపడ్డాక ఉలితో తీస్తే శుభ్రంగా వస్తుంది. ఈ లెక్కన రెండు ఎల్‌లు ఒకేసారి చేయడానికి 150 మి.మీ. ఎఫ్ క్లాంపులు ఎనిమిది, బార్ క్లాంపులు ఐమూలదానితో కలిపి మూడు కావాలి. సొరుగుల్ని మర్నాటి దాకా చానెళ్ల మీద ఎక్కించలేదు.

బాక్సులకైతే

18 మి.మీ. బాక్సులకీ పద్ధతి ఇదే, కొలతలే వేరు. 4 × 50 స్క్రూలు, 3 మి.మీ. రంధ్రం, 560 లోతుకి నాలుగు, ముందు అంచు నుంచి 40, 200, 360, 520 దగ్గర. మూలకి ముందొక బ్లాకు, వెనకొక బ్లాకు తప్పనిసరి. ఒకే చివర పెడితే రెండో చివర తెరుచుకుంటుంది. వెనక పలక బిగించడమే బాక్సుని మూలమట్టంలో ఆపే చివరి అవకాశం. క్రాస్ చూడకుండా వెనక పలక కొడితే అప్పటిదాకా సరిగా ఉన్న బాక్సు కూడా ఆ వంకరలోనే గడ్డకడుతుంది.

ముందు పలకలు

సొరుగులు చానెళ్ల మీద ఎక్కాక చానెల్ స్క్రూలన్నీ పొడుగు రంధ్రాల మధ్యకి తెచ్చాం, ఫిట్టర్లు జరిపిన పక్క కూడా. 597 వెడల్పు ముందు పలకల్ని రెండు పక్కలా అంటుకునే టేపుతో సొరుగుకి అతికించి, కింది పలక మీద 3 మి.మీ. మైకా ముక్కలు పేర్చి పై పలకని కూర్చోబెట్టి, సొరుగు లాగి లోపలి నుంచి స్క్రూలు వేశాం. మైకా 1 మి.మీ.ది మూడు కలిపితే 3. పాత స్క్రూ రంధ్రాల్లో అగ్గిపుల్లలు, జిగురు కూరి కొత్త రంధ్రాలు పక్కన వేయాల్సి వచ్చింది.

ఆ పాత అల్యూమినియం క్లాంపుల్ని పారేయలేదు. అంచుల మీది రంగు గీకి, జిగురు తీసి, గాజు పలక మీద 220 నంబరు సాండ్ పేపర్ వేసి అంచుల్ని మెల్లగా రుద్దాం. రంగు పోయాక వెలుతురు గీత 0.1కి తగ్గింది. 0.1 అంటే 500 మి.మీ. పలక చివర ఇంకా 0.8 మి.మీ. సొరుగులకి వద్దు. బాక్సు అడుగు పట్టీలు, పైన వేసే బద్దల్లాంటి పొట్టి ముక్కల్ని స్క్రూ పడే దాకా పట్టుకోవడానికి అవి చాలు. వాడిన ప్రతిసారీ అంచులు తుడిచి, సన్నగా మైనం పట్టించి పెట్టెలో వేయాలి.